12 వారాల క్రీడాన్యాయ కోర్సు: బరంపురం నుంచి ఒక ప్లీడరు సమీక్ష

నేను ఒడిశాలోని బరంపురంలో 22 ఏళ్లుగా సివిల్ కేసులు చూసుకుంటున్న ప్లీడరుని. సరిహద్దు గట్ల తగాదాలు, అద్దె ఇళ్ల ఖాళీలు, అన్నదమ్ముల భాగపంపకాలు, ఇవే నా రోజువారీ పని. అలాంటివాడిని రూ.18,000 కట్టి క్రీడాన్యాయం మీద 12 వారాల ఆన్‌లైన్ కోర్సులో చేరానంటే, దానికి కారణం ఒక కాగితం. పట్టు మగ్గం నేసుకునే ఒక పెద్దమనిషి దాన్ని ప్లాస్టిక్ సంచిలో నాలుగు మడతలు పెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "వకీలు బాబూ, ఇందులో ఏటుందో సదివి సెప్పండి, మా వోడు మూడ్రోజులై అన్నం ముట్టలేదు" అన్నాడు. ఆయన కొడుకు 19 ఏళ్ల వెయిట్‌లిఫ్టరు. ఆ కాగితం జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా పంపిన నోటీసు. కుర్రవాడి మూత్ర నమూనాలో ఆస్టరిన్ అనే నిషేధిత పదార్థం దొరికిందని అందులో ఉంది. ఒక సీనియర్‌ను అడిగి జవాబైతే గడువులోగా పంపించాను గాని, అందులో నేను రాసిన సగం మాటలకు అర్థం నాకే సరిగా తెలియదన్న సంగతి దాచడం ఎందుకు? విచారణ మొదలయ్యేలోగా నేర్చుకోవాలని ఈ కోర్సులో చేరాను.

సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్ల మీద నేను పెట్టిన ఒక ఫిర్యాదు ఇంకా వాళ్ల పరిశీలనలోనే ఉంది. అది తేలకముందే పేరు బయటపెట్టడం పద్ధతి కాదు. క్రీడాన్యాయం కోర్సులు అమ్మే సంస్థలు దేశంలో చాలానే ఉన్నాయి, వాటి ప్రకటనలన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, ఏ కోర్సులో చేరబోయేవారికైనా ఈ నాలుగు మాటలు పనికొస్తాయని అనుకుంటున్నాను.

శని, ఆదివారాల రాత్రి రెండేసి గంటల ప్రత్యక్ష తరగతులు, వాటి రికార్డింగులు, 600 పేజీలు దాటిన పాఠ్య సామగ్రి, నాలుగు రాత పనులు, చివర ఒక నమూనా విచారణ, ఒక పరీక్ష. కోర్సు స్వరూపం ఇంతే. పాఠాలన్నీ ఆంగ్లంలోనే సాగాయి. వీడియో నాణ్యతకు వంక పెట్టలేను. మా వీధిలో కరెంటు పోయిన రెండు రాత్రులు తప్ప తరగతి ఏదీ తప్పలేదు, ఆ రెండింటి రికార్డింగులూ మర్నాటికే అందాయి.

మొదటి రెండు వారాలు యూరప్ ఫుట్‌బాల్. బెల్జియం ఆటగాడు బోస్మన్ ఒప్పందం ముగిశాక కూడా వేరే క్లబ్బుకు వెళ్లాలంటే పాత క్లబ్బుకు సొమ్ము ముట్టజెప్పాలన్న నిబంధనను సవాలు చేయడం, యూరప్ న్యాయస్థానం 1995 డిసెంబరు 15న ఆయన పక్షాన తీర్పు ఇవ్వడం, ఆ దెబ్బకు ఆటగాళ్ల బజారు స్వరూపమే మారిపోవడం చక్కగా చెప్పారు. కొకైన్ తీసుకుని పట్టుబడ్డ ముటు తన పాత క్లబ్బు చెల్సీకి కోటీ డెబ్బై లక్షల యూరోలు దాటిన పరిహారం కట్టాలన్న ఉదంతమూ అందులోనే వచ్చింది. వినడానికి బాగున్నాయి. బరంపురం కోర్టులో వీటి అవసరం పడుతుందని మాత్రం అనుకోను.

కోర్సుకు కట్టిన డబ్బు గిట్టిందని నాకు అనిపించింది మూడు, నాలుగు వారాల్లో. ఆ రెండు వారాలూ స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో 1984లో వెలసిన క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం గురించి. దాన్ని అందరూ కాస్ అని పిలుస్తారు. బోధించిన మహిళ స్వయంగా ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) కేసులు నడిపిన న్యాయవాది. ఆమె మొదటి తరగతిలోనే ఒక్క తీర్పు గురించి కూడా చెప్పకుండా అప్పీలు దాఖలు చేసే కాగితాన్ని తెర మీద పెట్టి, ఒక్కొక్క గడి నింపించారు. ఏ సంస్థ నిబంధనల్లోనైనా వేరే గడువు రాసి ఉంటే తప్ప, నిర్ణయం అందిన నాటినుంచి 21 రోజుల్లో అప్పీలు పడాలి. దాఖలు రుసుము 1,000 స్విస్ ఫ్రాంకులు. అంతర్జాతీయ సమాఖ్య విధించిన క్రమశిక్షణ చర్య మీద అప్పీలైతే ఆ రుసుము మినహా మధ్యవర్తుల ఖర్చు కక్షిదారు మీద పడదు. స్తోమత లేనివారు న్యాయసహాయం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీర్పు నచ్చకపోతే నేరుగా వెళ్లే దారి ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన స్విస్ ఫెడరల్ ట్రిబ్యునల్ ఒక్కటే, అదీ చాలా తక్కువ కారణాల మీద. సివిల్ ప్లీడరుకు గడువు లెక్క ఊపిరి లాంటిది కదా! ఆ ఒక్క తరగతి నోట్సు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

ఆ గడువుల తర్వాతే ఆమె చరిత్రలోకి వెళ్లారు. గుర్రానికి నిషేధిత మందు పడిందన్న కేసులో జర్మనీ రౌతు గుండెల్ వేసిన పిటిషన్ మీద 1993లో స్విస్ ట్రిబ్యునల్ కాస్‌ను నిజమైన మధ్యవర్తిత్వ సంస్థగా ఒప్పుకుంటూనే, ఒలింపిక్ కమిటీతో దానికున్న బంధాలు మరీ దగ్గరగా ఉన్నాయని వేలు చూపింది. మరుసటి ఏడాది ప్యారిస్ ఒప్పందంతో కాస్ పెత్తనాన్ని వేరే మండలి చేతికి అప్పగించారు. ఇవన్నీ పరీక్షలో రాసే సంగతులే. కాని 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ కేసు నడిచిన తీరును రోజువారీగా వివరించిన గంట నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. 50 కిలోల విభాగంలో ఫైనల్ ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువ రావడం, పతకాల పట్టిక నుంచే పేరు పోవడం, సెమీస్‌లో ఆమె చేతిలో ఓడిన క్యూబా మల్లయోధురాలు ఫైనల్‌కు వెళ్లడం, కాస్ తాత్కాలిక విభాగం ఆగస్టు 14న అప్పీలును కొట్టివేయడం మనందరికీ తెలిసినవే. ముందురోజు గెలిచిన బౌట్ల ఫలితం కూడా మరుసటి రోజు తూకం మీద ఆధారపడే ఆ నిబంధనను ఆమె ముందే అంగీకరించి బరిలోకి దిగింది. మధ్యవర్తి తీర్పు నిలబడింది ఆ పునాది మీదే. అది అర్థమయ్యాక మన టీవీల్లో జరిగిన చర్చల్లో ఎంత పొల్లు ఉందో తెలిసివచ్చింది.

కాస్ భాగంలోనే నాకు మొదటి కొరత కనిపించింది. ద్యుతీ చంద్ మా ఒడిశా అమ్మాయి, జాజ్‌పూర్ జిల్లా నేత కుటుంబం. శరీరంలో సహజంగా ఉన్న టెస్టోస్టిరాన్ ఎక్కువన్న కారణంతో 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల ముందు పక్కన పెడితే, ఆమె కాస్‌కు వెళ్లింది. 2015 జులై 24న వచ్చిన మధ్యంతర తీర్పు, ఆ హార్మోను వల్ల ఎంత మేలు జరుగుతుందో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య లెక్క చూపలేదంటూ ఆ నిబంధనలను రెండేళ్లపాటు నిలిపివేసింది. దాని తర్వాత 2018లో వచ్చిన కొత్త నిబంధనలు 400 మీటర్ల నుంచి మైలు వరకున్న పరుగులకే పరిమితమయ్యాయి. 100, 200 మీటర్లు పరుగెత్తే ద్యుతీకి దారి తెరుచుకుంది, 800 మీటర్లు పరుగెత్తే దక్షిణాఫ్రికా సెమెన్యాకు మూసుకుంది. ఒక కేసు నుంచి ఇంకొక కేసు పుట్టిన వైనం ఇంతకన్నా తేటగా చూపించే ఉదాహరణ లేదు. అలాంటిది 600 పేజీల పుస్తకంలో ద్యుతీకి దక్కింది నాలుగు వాక్యాలు! సెమెన్యాకు 20 పేజీలు ఇచ్చారు గాని, కథను 2023లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చిన తొలి తీర్పుతోనే ముగించారు. 2025 జులై 10న అదే న్యాయస్థానపు పెద్ద ధర్మాసనం ఆమెకు న్యాయమైన విచారణ హక్కు దక్కలేదని తేల్చి, మిగిలిన ఫిర్యాదులను విచారణకు స్వీకరించలేదు. ఆ తీర్పు వచ్చిన తర్వాత మొదలైన కోర్సులో అది లేకపోవడం సర్దుకుపోదగ్గ లోపం కాదు. తరగతిలో ఈ మాట అడిగితే బోధకురాలు వెంటనే ఒప్పుకుని ఆ సంగతి నోటితో వివరించారు. పుస్తకం మాత్రం అలాగే ఉంది.

ఐదు నుంచి ఏడు వారాలు మన దేశం. బోధకుడు మారారు, దాంతో కోర్సు తీరూ మారింది. ఆయన ముందున్న పేజీని చదువుతూ పోయే రకం. క్రికెట్ బోర్డు రాజ్యాంగం 12వ అధికరణం కింద ప్రభుత్వ సంస్థ కాదని 2005లో సుప్రీంకోర్టు 3–2 మెజారిటీతో చెప్పడం, అయినా అది ప్రజా విధులు నిర్వహిస్తోంది కనుక హైకోర్టు రిట్ పరిధిలోకి వస్తుందని 2015లో తేల్చడం, ఈ రెండింటికీ మధ్య ఉన్న మెలికను విప్పి చెప్పడం కోసం నేను ఎదురుచూశాను. ఆయన రెండు తీర్పుల సారాంశాలూ చదివి పక్క పేజీకి వెళ్లిపోయారు. అజహరుద్దీన్ విషయంలోనూ అంతే. బోర్డు 2000 డిసెంబరులో జీవితకాల నిషేధం విధించినప్పుడు ఆయన ఖాతాలో 99 టెస్టులున్నాయి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని 2012 నవంబరులో చెప్పేసరికి ఆయనకు 49 ఏళ్లు. గెలిచిన కేసు వల్ల ఒక్క బంతి కూడా ఆడే వీలు లేకపోవడం గురించి, క్రీడాకారుడికి కాలయాపనే పెద్ద శిక్ష కావడం గురించి ఒక్క మాటైనా చెప్పి ఉంటే బాగుండేది. కోర్టు గుమ్మాల దగ్గర ఏళ్లు గడిపే మాలాంటి వాళ్లకు చెప్పక్కర్లేదు గాని, క్లాసులో సగంమంది ఇంకా చదువుకుంటున్న పిల్లలు.

ఈ భాగంలో నన్ను అన్నిటికన్నా చికాకు పెట్టింది డెక్కన్ చార్జర్స్ పాఠం. 2009లో ఐపీఎల్ గెలిచిన హైదరాబాద్ జట్టు అది. 2012 సెప్టెంబరులో బోర్డు దాని ఒప్పందాన్ని రద్దు చేస్తే యజమానులు ఆర్బిట్రేషన్‌కు వెళ్లారు. 2020 జులైలో మధ్యవర్తి బోర్డు మీద దాదాపు రూ.4,800 కోట్ల అవార్డు, అంటే అంత సొమ్ము కట్టాలన్న తీర్పు, ఇచ్చారు. పుస్తకం అక్కడితో ఆగి, 'భారత క్రీడాచరిత్రలో అతి పెద్ద పరిహారం' అని పెద్దక్షరాల్లో వేసింది. 2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ అవార్డును కొట్టివేసిన సంగతి అందులో లేదు. పరీక్షలో ఈ ప్రశ్న వచ్చి, విద్యార్థి పుస్తకం ప్రకారం రాస్తే అది తప్పు జవాబు అవుతుంది. పుస్తకం కాదని నిజం రాస్తే మార్కులు పోతాయేమోనన్న భయం ఒకటి.

నిజానికి దీని పక్కనే కొచ్చి టస్కర్స్ కేసును పెట్టి ఉంటే ఆ వారం మొత్తం వెలిగిపోయేది. అక్కడా 2011లో బోర్డు జట్టు ఒప్పందాన్ని రద్దు చేసింది, అక్కడా ఆర్బిట్రేషన్ జరిగింది, అవార్డులూ బోర్డుకు వ్యతిరేకంగానే వచ్చాయి. అదే బొంబాయి హైకోర్టు 2025 జూన్‌లో ఆ రూ.538 కోట్ల అవార్డులను నిలబెట్టింది. మధ్యవర్తి సాక్ష్యాన్ని తూచిన తీరు మీద తాను అప్పీలు కోర్టులా కూర్చోలేనని ఇక్కడ చెప్పిన కోర్టు, డెక్కన్ కేసులో మాత్రం కారణాలే చూపని, ఒప్పందం హద్దు దాటిన అవార్డును వదిలిపెట్టలేనన్నది. ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ అవార్డును కొట్టివేయడానికి కోర్టుకు ఎంత చోటిస్తుందో తెలుసుకోవడానికి ఈ రెండు జట్ల కథ చాలు. నేను దీన్నే రెండో రాత పనిగా రాసి పంపాను. 25కి 21 మార్కులు వచ్చాయి, 'పాఠ్య సామగ్రికి వెలుపలి అంశం' అన్న ఎర్రసిరా వ్యాఖ్యతో.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టానికి ఒకే ఒక్క పేరా దక్కింది. క్రీడా సమాఖ్యల వివాదాల్లో చాలావరకు ఇకపై జాతీయ క్రీడా ట్రిబ్యునల్ ముందుకు వెళ్లి, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు పోయేలా దారి మార్చిన చట్టం అది. దాన్ని వదిలేసి పాత పద్ధతిని 40 పేజీల్లో నేర్పడం వల్ల ప్రయోజనం ఏమిటో నాకు బోధపడలేదు.

ఎనిమిది, తొమ్మిది వారాలు డోపింగ్. నేను చేరిందే వీటికోసం. మళ్లీ మొదటి బోధకురాలే వచ్చారు, అదృష్టం. ఆమె ఏ నేరశాస్త్ర సూత్రంతోనూ మొదలుపెట్టలేదు. ఒక ప్రోటీన్ డబ్బాను కెమెరా ముందు పెట్టి, దాని మీద చదవాల్సినవి ఏమిటో చెప్పమన్నారు. ఒకరు పదార్థాల జాబితా అన్నారు, ఇంకొకరు తయారీదారు పేరు అన్నారు. ఆమె బ్యాచ్ నంబరు మీద వేలు పెట్టారు. ఆ క్షణాన నా బల్ల కింద అట్టపెట్టెలో ఉన్న మా కుర్రవాడి డబ్బా గుర్తొచ్చింది. నల్ల డబ్బా, బంగారు రంగు అక్షరాలు, మూత అంచుకు ఇంకా అంటుకుని ఉన్న తెల్లటి పొడి, అడుగున చెమటచేతులకు చెరిగిపోగా మిగిలిన బ్యాచ్ నంబరు, అందులో చివరి రెండంకెలు ఆనవు. తాలింఖానా పక్క దుకాణంలో రసీదు లేకుండా కొన్నాడు. బరంపురంలో బరువులెత్తే పిల్లలకు కొదవ లేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచిన కె.రవికుమార్ ఈ ఊరివాడే. ఆ పతకం చూసి ఇనుము పట్టిన పిల్లలు ఇప్పుడు వీధికి నలుగురున్నారు, ఆ డబ్బాలు అమ్మే దుకాణాలూ అలాగే పుట్టుకొచ్చాయి.

ఆమె చెప్పిన చట్టం ఇలా ఉంటుంది. నమూనాలో నిషేధిత పదార్థం దొరికిందంటే అది ఎలా వచ్చినా క్రీడాకారుడిదే బాధ్యత. తెలియకుండా తిన్నానన్నది నేరం లేదనడానికి సరిపోదు, శిక్ష తగ్గించుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఆస్టరిన్ లాంటి పదార్థానికి శిక్ష నాలుగేళ్లతో మొదలవుతుంది. ఉద్దేశపూర్వకంగా తీసుకోలేదని క్రీడాకారుడే రుజువు చేస్తే రెండేళ్లకు దిగుతుంది. డబ్బా కలుషితమైందని, తన వైపు పెద్ద తప్పు లేదని కూడా చూపగలిగితే మందలింపు నుంచి రెండేళ్ల వరకు ఎంతైనా కావచ్చు. ఆరోపణ పత్రం అందిన 20 రోజుల్లోగా తప్పు ఒప్పుకుని శిక్షను అంగీకరిస్తే నాలుగేళ్లలో ఒక ఏడాది తగ్గుతుంది. ఈ చివరి నిబంధన తెలియక ఎంతమంది పిల్లలు ఆ ఏడాది పోగొట్టుకున్నారో! అంతర్జాతీయ స్థాయి క్రీడాకారులు నేరుగా కాస్‌కు వెళ్తారు, మా కుర్రవాడి లాంటి వాళ్లు ముందు దేశంలోని అప్పీలు ప్యానెల్‌కే వెళ్లాలి.

ఉదాహరణగా ఆమె తీసుకున్నది స్పెయిన్ సైక్లిస్టు కోంటడోర్ కేసు. 2010 టూర్ డి ఫ్రాన్స్‌లో క్లెన్‌బుటెరాల్ అనే నిషేధిత పదార్థం దొరికితే, తిన్న మాంసంలోంచి వచ్చిందని ఆయన వాదించాడు. రక్తం ఎక్కించుకున్నాడని ఎదుటిపక్షం వాదించింది. 2012లో కాస్ ఆ రెండింటికన్నా కలుషితమైన సప్లిమెంటు వల్ల వచ్చి ఉండే అవకాశమే ఎక్కువని చెప్పి రెండేళ్ల నిషేధం వేసింది, టైటిల్ పోయింది. మన 2016 నర్సింగ్ యాదవ్ కేసునూ చెప్పారు. తన ఆహారంలో ఎవరో కలిపారన్న వాదనను ఇక్కడ నాడా ప్యానెల్ నమ్మి నిర్దోషిగా వదిలిపెట్టినా, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా రియోలో కాస్ ముందుకు వెళ్లేసరికి నాలుగేళ్ల నిషేధం పడింది. ఇంటి దగ్గర గెలిచిన కేసు బయట ఎందుకు ఓడిపోయింది, ఏ సాక్ష్యం ఉండి ఉంటే నిలబడేది అన్న ప్రశ్న మీద గంటన్నర చర్చ జరిగింది. వాదన ఎంత గట్టిగా ఉన్నా అది వచ్చిన దారిని రుజువు చేసే వస్తువు చేతిలో లేకపోతే లాభం లేదన్నది ఆమె పదే పదే చెప్పిన మాట. విప్పిన డబ్బాలో ఎవరైనా ఏదైనా కలిపి ఉండవచ్చు కనుక, అదే బ్యాచ్‌కు చెందిన సీలు విప్పని డబ్బా సంపాదించి పరీక్షకు పంపాలని ఆమె చెప్పిన వెంటనే నేను రాసుకున్నాను.

నమూనా విచారణ 11వ వారంలో. నన్ను మధ్యవర్తిని చేశారు. అసలు మధ్యవర్తులు ఆంగ్లంలో అడిగే ప్రశ్నకు కుర్రవాడు తెలుగులో ఆలోచించి ఒడియాలో తడబడి హిందీలో జవాబిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే దుబాసీని కోరవచ్చన్నారు. నిబంధన ఉండవచ్చు. మా సరిహద్దు జిల్లాల పిల్లలకు అది అందుబాటులోకి వచ్చే దారి గురించి కోర్సులో ఒక్క పేజీ ఉండాల్సింది.

చేరబోయేవారికి నా అభిప్రాయం ఇది. మీరు ప్లీడరైతే కాస్, డోపింగ్ భాగాల కోసమే రూ.18,000 పెట్టవచ్చు. భారత భాగాన్ని సొంతంగా తీర్పులు చదువుకుని పూరించుకోవాలి. కోచ్ అయితే, తాలింఖానా నడిపేవారైతే, ఈ డబ్బు వృథా. డోపింగ్ రెండు వారాలను విడిగా, తక్కువ రుసుముకు అమ్మాలని సంస్థకు రాశాను. న్యాయవిద్యార్థి చేరితే చేరవచ్చు గాని, పుస్తకంలోని ప్రతి కేసుకూ ఆ తర్వాత ఏం జరిగిందో వెతుక్కునే ఓపిక ఉండాలి.

ఇక నా ఫిర్యాదు. పరీక్ష రాసిన ఆరు వారాలకు ధ్రువపత్రం పంపామన్నారు. అది వెళ్లింది పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోని బరంపూర్‌కు. ఈ రెండు ఊళ్ల పేర్లు కలగాపులగం కావడం మాకు కొత్త కాదు, అందుకే చిరునామాలో ఒడిశా అనీ 760001 అనీ స్పష్టంగా రాశాను. తిరిగి పంపమంటే మళ్లీ పంపడానికి రూ.750 రుసుము కట్టమన్నారు. వాళ్ల తప్పుకు నేను రుసుము కట్టడమేమిటని జవాబు రాశాను. డెక్కన్ చార్జర్స్ పేజీ సరిదిద్దమని కూడా అదే ఉత్తరంలో అడిగాను. తర్వాతి బ్యాచ్‌కు చూస్తామన్నారు.

ఈలోగా కుర్రవాడి తండ్రి పర్లాకిమిడిలో ఒక దుకాణం వెనక అరలో అదే కంపెనీ డబ్బా ఒకటి కనిపెట్టాడు. బ్యాచ్ నంబరులో మా డబ్బా మీద కనిపించే అంకెలన్నీ దీంతో సరిపోయాయి, సీలు చెక్కుచెదరలేదు. ఈసారి రసీదు తీసుకున్నాడు. డబ్బాను పరీక్షకు పంపాం, నివేదిక ఇంకా రాలేదు.